దూడతో సహా

ముప్పై ఏళ్ల పశువుల బేరంలో కాటప్ప ఇచ్చిన మాట ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదు. తమిళనాడులో, ధర్మపురి జిల్లా పాపారపట్టి చుట్టుపక్కల ఎవరినైనా అడగండి. ఆయన కోపిష్టి అంటారు, కాఫీలో చక్కెర తక్కువైతే లోటా విసిరేస్తాడంటారు. అవన్నీ నిజమే. కానీ చెయ్యి పట్టాడంటే బేరం తెగినట్టేనని ఆయనంటే గిట్టనివాళ్లు కూడా ఒప్పుకుంటారు.

ఆ చెయ్యి పట్టడం ఎలాగో చెప్పాలి. భుజం మీది తుండు తీసి కొనేవాడి చేతి మీద కప్పుతాడు. ఆ గుడ్డ కింద ఇద్దరి వేళ్లూ మాట్లాడుకుంటాయి. ఏ వేలు పట్టుకుంటే ఎంతో, ఎన్ని వేళ్లు కలిపి పడితే ఎంతో వాళ్లకే తెలుసు. చుట్టూ నలభై మంది నోరు తెరుచుకుని నిలబడినా ఒక్కడికీ ధర అంతుపట్టదు. పైకి మాత్రం "ఈ కొమ్ములు చూడు సామీ, ఈ పొదుగు చూడు" అంటూ ఉత్త కబుర్లు సాగుతుంటాయి. చివరికి వేళ్లు గట్టిగా నొక్కి తల ఊపితే అంతే, ఇక దేవుడొచ్చినా ఆ ధర మారదు.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈనిన ఆవును అమ్మేటప్పుడు దూడ మాట ఎవరూ ఎత్తరు. దూడ తల్లి వెంటే పోతుంది. దానికి వేరే ధర ఉందా అని అడిగితే సంతంతా నవ్విపోతుంది.

ఇలాంటి మనిషి పోయి పోయి కూతురి జీతం బేరం చేశాడు. అదీ సముద్రం అవతల, ఒమాన్‌లోని ఒక ఆసుపత్రి వాళ్లతో!

కూతురి పేరు తనుజ. ధర్మపురిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్లుగా నర్సు. అల్లుడు శక్తివేల్ లారీ మీద నెలలో ఇరవై రోజులు తిరుగుతుంటాడు. వాళ్లకు నాలుగేళ్ల కూతురు, కీర్తిక. తనుజ డ్యూటీలు, శక్తివేల్ లారీ చూసుకుని ఆ కాపురం కూడా కాటప్ప ఇంట్లోనే సాగుతోంది. కీర్తికకు తాత భుజమే ఊయల, ఆయన పశువుల కొట్టమే బడి.

పరదేశం పోవాలన్న కోరిక తనుజకు చాలా ఏళ్లుగా ఉంది, శక్తివేల్ కూడా అడ్డు చెప్పలేదు. కానీ ఆమెది ఒకటే పట్టు: బిడ్డను వదిలి పోదు. కిందటేడు ఇంకో దేశం నుంచి మంచి ఉద్యోగమే వచ్చింది. ఒంటరిగా రావాలన్నారు. వద్దనేసింది. ఇప్పుడు ఈ ఒమాన్ ఆసుపత్రి వాళ్లు ముప్పై అయిదేళ్లు దాటితే తీసుకోరు. ఆమెకు ముప్పై అయిదు నిండడానికి మూడు నెలలే ఉంది. ఇది తప్పితే మళ్లీ లేదు.

మొదటి కాగితం వచ్చినప్పుడు ఇంట్లో పండగే. రెండేళ్ల ఉద్యోగం, జీతం మొత్తం మూడు వందల నలభై రియాళ్లు. మన డబ్బులో నెలకు ముప్పావు లక్ష. అందులో బేసిక్ రెండు వందల అరవై. ఉండడానికి చిన్న ఫ్లాటు. బిడ్డకు వీసా, విమానం టికెట్, వైద్యం ఖర్చు. తల్లి డ్యూటీలో ఉన్నంతసేపు పిల్లల్ని చూసుకోవడానికి ఆసుపత్రిలోనే ఒక గది. తనుజ ఆ పూటే సంతకం పెట్టేసేది. కాటప్ప అడ్డం పడ్డాడు.

"ఇది వాళ్లు చెప్పిన మొదటి ధరా?" అన్నాడు.

"అవును నాయినా."

"మొదటి ధరకే తల ఊపేస్తావా? సిగ్గు లేదూ? నా కడుపున పుట్టిన బిడ్డవేనా నువ్వు?"

"అది ఆస్పత్రి నాయినా, సంత కాదు. ఇచ్చిందే ఎక్కువ. అడిగితే ఏమనుకుంటారో ఏమో."

"ఏమనుకుంటారు? వీళ్లకు కూడా నోరుందే అనుకుంటారు!"

ఆమె నవ్వి డ్యూటీకి పోయింది. అక్కడితో ఆగితే ఆయన కాటప్ప ఎందుకవుతాడు? సోమవారం పొద్దున్నే తెల్ల పంచె కట్టి, ఉతికిన తుండు భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ధర్మపురి బస్సెక్కాడు.

ఉద్యోగాలు చూపించే ఆఫీసు బస్టాండు దగ్గర మేడ మీద ఉంది. నడిపేవాడు అన్బళగన్, పాపిరెడ్డిపట్టి మనిషి. చిన్నప్పుడు తాత వెంట సంతలన్నీ తిరిగినవాడు. కాటప్ప ఎదురుగా కూర్చుని, అటూ ఇటూ చూసి, తుండు తీసి బల్ల మీద పరిచేసరికి అతనికి నవ్వాగలేదు. అయినా తాత గుర్తొచ్చాడో ఏమో, చెయ్యి చాపాడు. ఏసీ గదిలో, కంప్యూటర్ పక్కన, గుడ్డ కింద బేరం మొదలైంది. అన్బళగన్ మూడుసార్లు బయటికి వెళ్లి ఒమాన్‌కు ఫోన్ చేసి వచ్చాడు. మూడోసారి వచ్చి కూర్చుని కాటప్ప నాలుగు వేళ్లు కలిపి పట్టుకున్నాడు. నాలుగు వందలు!

అప్పుడే అతను తమిళంలో ఒక మాట అన్నాడు. "అయ్యా, నాలుగు వందలంటే కాగితంలో వేరేవి కొన్ని మారతాయి. మీ అమ్మాయిని ఒక మాట అడిగి చెప్పండి."

"లెక్క కుదిరింది కదా తంబీ! మిగతా వాటికి మాటలెందుకు?" అని కాటప్ప వేళ్లు గట్టిగా నొక్కేశాడు.

కిలో మైసూర్ పాకుతో ఇంటికి వచ్చాడు. నాలుగు వందలేనా అని తనుజ రెండుసార్లు అడిగి రూఢి చేసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "కీర్తి సంగతి మాట్లాడినావా నాయినా?"

"అది వేరే మాట్లాడాలా? తల్లి పోతే బిడ్డ పోదూ!" అన్నాడాయన, ఇంత మైసూర్ పాకు మనవరాలి నోట్లో పెడుతూ.

గురువారం పదకొండు గంటలకు ఆయన కొట్టంలో ఆవును కడుగుతుంటే ఫోన్ మోగింది. అవతల తనుజ.

"నాయినా, కొత్త కాగితం వచ్చింది. కీర్తి లేదు."

"లేకపోవడమేంది? ఇదిగో, ఇక్కడే ఆడుకుంటా ఉండాది."

"కాగితంలో లేదు నాయినా! సింగిల్ స్టేటస్ అని రాసినారు. నేనొక్కదాన్నే పోవాల. ఫ్లాటు లేదు, నలుగురు నర్సులకు ఒక హాస్టల్ రూము. బిడ్డకు వీసా లేదు, టికెట్ లేదు, ఏమీ లేదు."

కాటప్ప చేతిలోని నీళ్ల పైపు జారి కాళ్ల మీద పడింది. పంచె తడిసిపోతున్నా ఆయనకు తెలియలేదు.

"నాలుగు వందలు...?"

"ఉంది. అందులో కూడా బేసిక్ రెండు వందలే. తక్కిన రెండు వందలు అలవెన్స్. అది వాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు. ఓవర్‌టైం కట్టేది బేసిక్ మీదే. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే డబ్బు కూడా బేసిక్ మీదే. మొత్తం చూస్తే ఎక్కువ, లోపల చూస్తే ముందటి దానికంటే తక్కువ. సాయంత్రం నాలుగు లోపల సంతకం పెట్టాలంట. లేకపోతే వేరే అమ్మాయికి ఇచ్చేస్తారంట."

కాటప్పకు ఒళ్లు మండిపోయింది. సంతకు వచ్చే ముందు ఎద్దుకు ఉప్పు నీళ్లు పట్టించి పొట్ట ఉబ్బించే దొంగలున్నారు. డొక్కలో ఒక్క వేలు గుచ్చి అలాంటి వాటిని పట్టేస్తాడని ఆయనకు పేరు. అలాంటివాడు కూతురి విషయంలో ఉబ్బిన పొట్ట చూసి మురిసిపోయి, ఊరంతా మైసూర్ పాకు పంచాడు. అన్బళగన్‌ను తిడదామంటే నోరు రాలేదు. ఆ అబ్బాయి అడిగాడు. అడిగినప్పుడు మాటలెందుకన్నది తనే.

వాకిట్లో పప్పు చెరుగుతున్న భార్య తిమ్మమ్మ ఫోన్ స్పీకరులో అంతా విన్నది. చేట కింద పెట్టింది.

"యో, నేనొక మాట చెప్తా, అరవకు. పోనీలే. బిడ్డ మన దగ్గరే ఉంటుంది. రెండేళ్లు ఎంతసేపు? నేను చూసుకోనా? అది మాత్రం పోయి సంపాదించుకోని వస్తుంది."

కాటప్ప అరవలేదు. అరవలేదంటే ఆ మాట ఆయన మనసులో కూడా ఉన్నట్టే. కీర్తిక పోతే ఈ ఇంట్లో పొద్దు గడిచేదెట్లా అని నెల రోజులుగా లోపల్లోపల కుమిలిపోతున్నది ఆయనే. ఇప్పుడు ఎవరూ ఆయన్ను తప్పుపట్టకుండానే బిడ్డ ఇక్కడ ఉండిపోయే దారి దొరికింది. ఊరికే కూర్చుంటే చాలు. నాలుగు దాటిపోతుంది, లేదంటే ఏడ్చుకుంటూ తనుజే సంతకం పెడుతుంది.

కానీ ఆయనకు తుంబలహళ్లి ఆవు గుర్తొచ్చింది. పదేళ్ల కిందట పట్నం వాడొకడు దూడ వద్దు, ఆవు మాత్రం చాలని ఎక్కువ ధర ఇచ్చాడు. ఒకే ఒక్కసారి కాటప్ప ఆశపడి ఆ పని చేశాడు. వ్యానులో ఎక్కించేటప్పుడు ఆ ఆవు వెనక్కి తిరిగి అరిచిన అరుపు ఇంకా చెవిలోనే ఉంది. మూడు రోజులు మేత ముట్టలేదని, పాలు చేపలేదని కొన్నవాడు ఫోన్లు చేశాడు. ఇక్కడ దూడ గుంజ చుట్టూ తిరిగి తిరిగి మెడ కోసుకుంది.

"బిడ్డకు మంచి గౌను తొడుగు," అన్నాడు తిమ్మమ్మతో. "పోయి మాట్లాడతా."

"చెయ్యి నొక్కి వచ్చినావు కదా. ఇప్పుడేం మాట్లాడతావు?"

"నాకు తెలీదు!" అని అరిచాడు. ఈసారి నిజంగానే అరిచాడు. కీర్తిక బెదిరిపోయి, అమ్మమ్మ దగ్గరికి పోకుండా మళ్లీ తాత కాళ్లనే పట్టుకుంది.

బస్సు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. దారిలో నాలుగుచోట్ల కాకుండా పదిచోట్ల ఆగింది. డ్రైవరు టీ తాగడానికి దిగితే కాటప్ప కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టిన తిట్లకు బస్సులో వాళ్లు చెవులు మూసుకున్నారు. మేడ మెట్లు ఎక్కేసరికి మూడు అవుతోంది. తోటి నర్సు సరసుకు డ్యూటీ అప్పజెప్పి తనుజ ముందే వచ్చి, యూనిఫాంలోనే కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. తండ్రిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు కాస్త బాగుండేది.

"నేను ఆ రోజే అడిగాను కదా అయ్యా," అన్నాడు అన్బళగన్.

"అడిగినావు. తప్పు నీది కాదు తంబీ. వాళ్లను పిలువు."

కంప్యూటర్ తెర మీద ఒకామె కనబడింది. ఆసుపత్రిలో ఉద్యోగాల విషయం చూసే ఆఫీసరు శివగామి, సేలం వైపు ఆమె. మాట తమిళమే. ముఖంలో మాత్రం నవ్వు లేదు.

"నాలుగు వందలకు మీరే ఒప్పుకున్నారు," అన్నదామె. "పెంచమని మీ వాళ్లే అడిగారు. ఆ సొమ్ము సర్దడానికే సింగిల్‌కు మార్చాం. ఫ్యామిలీ ఫ్లాట్లు రెండే మిగిలాయి, ఒకటి నిన్న వేరేవాళ్లకు పోయింది. ఇప్పుడు మళ్లీ మొదటికి రమ్మంటే మా పైవాళ్లకు నేనేం చెప్పాలి? ఈ నర్సు ఏ మాట మీద నిలబడుతుందో తెలియదని చెప్పనా?"

కాటప్ప చెయ్యి అలవాటుగా భుజం మీది తుండు మీదికి పోయింది. కప్పడానికి అవతల చెయ్యి ఎక్కడుంది? ఎదురుగా ఉన్నది గాజు తెర. ఏం చెప్పాలన్నా నోటితోనే చెప్పాలి, అందరూ వినేటట్టు.

లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఆ మాట నా బిడ్డది కాదు, నాది. నేను ఆవుల బేరగాణ్ణి. మా బేరంలో తల్లిని అమ్మితే దూడ కూడానే పోతుంది, వేరే చెప్పం. ఇక్కడ కూడా అంతే అనుకున్నా. ముప్పై ఏళ్లలో నేను మాట వెనక్కి తీసుకోలేదు. ఈ రోజు తీసుకుంటా ఉండాను. మీ ముందర, ఈ తంబి ముందర, నా మనవరాలి ముందర. డబ్బు తగ్గించుకోండి. ఎంతైనా తగ్గించుకోండి. బిడ్డను తల్లితో పంపండి."

ఎంతైనా! ఆ మాట విన్న తనుజ చటుక్కున తల ఎత్తింది. తండ్రి చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. "ఎంతైనా కాదు నాయినా," అని చెవిలో గట్టిగా చెప్పి తెర వైపు తిరిగింది.

"మేడమ్, నేను మాట్లాడతాను. మొత్తం కొంచెం తగ్గినా సరే. బేసిక్ మాత్రం రెండు వందల యాభై కంటే తగ్గకూడదు. ఫ్యామిలీ స్టేటస్ ఉండాలి. బిడ్డ వీసా, ఏటా టికెట్, వైద్యం ఇవన్నీ కాగితంలో రాయాలి. ఇవి ఉంటే ఈ రోజే సంతకం పెడతాను. లేకపోతే పెట్టను. నాకు పదకొండేళ్ల అనుభవం ఉంది, అందులో అయిదేళ్లు ఐసీయూ. ఆ మాట కూడా మీ పైవాళ్లకు చెప్పండి."

కాటప్ప నోరు తెరుచుకుని చూశాడు. ఈ పిల్ల ఇన్నేళ్లు ఈ గొంతు ఎక్కడ దాచుకుంది? మొన్న కాఫీ అంగట్లో చిల్లర తక్కువ ఇచ్చినా అడగనిదాయె!

శివగామి ముందున్న కాగితం మీద ఏదో రాసుకుంది. "మూడు వందల ముప్పై వరకు అడిగి చూస్తాను. మాట ఇవ్వలేను. లైన్‌లో ఉండండి," అని తెర మీంచి మాయమైంది.

మూడుం పావు అయింది. మూడున్నర అయింది. అన్బళగన్ గోడ గడియారం చూడడం మానేసి ఫోన్‌లో టైము చూడసాగాడు. వేరే అమ్మాయి కాగితం కూడా సిద్ధంగా ఉందని అతనికి తెలుసు, ఆ సంగతి పైకి అనలేదు. తనుజ పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుడికి మొక్కుతోందో! కాటప్ప ఒళ్లో తుండు పరుచుకుని, దాని కింద తన వేళ్లు తనే నలుపుకుంటున్నాడు.

"తాతా, లోపల ఏముంది?" అంది కీర్తిక.

"ఏమీ లేదు పాపా."

ఆ పిల్ల నమ్మలేదు. గుడ్డ కిందికి చెయ్యి దూర్చి వెతికింది. ఆయన వేలొకటి దొరికితే పట్టుకుని, దొరికిందని కిలకిలా నవ్వింది. కాటప్పకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకుండా తల అటు తిప్పుకున్నాడు.

మూడూ యాభైకి కంప్యూటర్ మోగింది. కాగితం వచ్చింది. తనుజ ఒక్కొక్క లైనూ ఇంగ్లీషులో చదివి తండ్రికి ఇంటి భాషైన తెలుగులో చెప్పింది. మొత్తం మూడు వందల ముప్పై. మొదట ఇచ్చినదానికంటే పది తక్కువ. బేసిక్ రెండు వందల యాభై. ఫ్యామిలీ స్టేటస్. ఫ్లాటు. ఆధారపడిన బిడ్డ ఒకరికి వీసా, టికెట్, వైద్యం.

"బిడ్డ అంటే ఎవరు?" అన్నాడు కాటప్ప.

"కీర్తే కదా నాయినా. ఒక బిడ్డకు అని రాసినారు, చాలు."

"పేరు ఉందా?"

"అట్లా పేర్లు రాయరు."

"రాయమను."

"అయ్యా, పది నిమిషాలు కూడా లేదు!" అన్నాడు అన్బళగన్, జుట్టు పీక్కున్నంత పని చేసి. "ఇప్పుడు మళ్లీ మార్చమంటే మొత్తానికే పోతుంది."

"పోతే పోనీ. చెప్పకుండా వదిలిపెట్టి ఒకసారి చూసినాను, చాలు. పేరు రాస్తేనే సంతకం."

తనుజ తండ్రి ముఖంలోకి చూసింది. భయంతో ఆమె ముఖం పాలిపోయి ఉంది. అయినా తెర వైపు తిరిగి అడిగింది. శివగామి నుదురు కొట్టుకుంది. ఏదో అనబోయి, తాత ఒళ్లో గుడ్డ కింద చెయ్యి పెట్టి ఆడుకుంటున్న పిల్లను చూసి ఊరుకుంది. "స్పెల్లింగ్ చెప్పండి," అంది.

మూడూ యాభై ఏడుకు మళ్లీ కాగితం వచ్చింది. తనుజ వేలితో తెర మీద సంతకం గీసింది. పంపేసింది. అంతవరకూ బిగబట్టిన ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది. బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. అన్బళగన్ లేచి కాఫీ చెప్పడానికి పోయాడు.

కాటప్పకు ఇంగ్లీషు అక్షరం రాదు. "దాని పేరు ఎక్కడుందో చూపించు," అన్నాడు. తనుజ కళ్లు తుడుచుకుని చూపించింది. ఆయన ఆ పేరు మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచాడు.

కిందికి దిగి బస్టాండులో నిలబడ్డారు. తనుజ టికెట్లకు చిల్లర వెతుక్కుంటోంది. కీర్తిక తాత చెయ్యి ఊపుతూ అడిగింది. "తాతా, కాగితంలో నా పేరు రాసినారా?"

"రాసినారు పాపా. నేనే దగ్గరుండి రాయించినా."

"నీ పేరు?"

కాటప్ప భుజం మీది తుండు సర్దుకున్నాడు.

"నాది ఉండదు పాపా. బేరం చేసినవాడు సంతలోనే ఉండిపోవాల."

ఆ పిల్లకు అర్థం కాలేదు. ఆయన తుండు కొస లాగి తమ ఇద్దరి చేతుల మీదా కప్పి, మళ్లీ వెతుకులాట మొదలుపెట్టింది. పాపారపట్టి బస్సు వచ్చి ఆగినా వదిలిపెట్టలేదు. గుడ్డ కింద ఏ వేలు పట్టుకుందో చుట్టూ ఉన్నవాళ్లెవరికీ కనబడలేదు. కాటప్ప ఆ వేలు కదపకుండా, అలాగే బస్సెక్కాడు.